పాటకి పట్టిన గార

రికార్డులు వినడానికి పుట్టాయని మీతో ఎవరు చెప్పారు?

పాత గ్రామఫోన్ రికార్డులు కడగడానికి పుట్టాయి. తుడవడానికి పుట్టాయి. ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి, ‘అబ్బే!’ అని పెదవి విరిచి, మళ్ళీ కడగడానికి పుట్టాయి. మధ్యలో ఎప్పుడైనా ఒక పాట వినబడిందంటే అది యజమాని అజాగ్రత్త తప్ప మరొకటి కాదు!

నవ్వకండి. ఇది పరాచికాలాడే విషయం కాదు. రికార్డులు శుభ్రం చేసే పిచ్చి ఉన్న మనిషి ఇంటికొకరు ఉంటే సంసారాలు చక్కబడతాయి, పిల్లలకి పద్ధతి వస్తుంది, ఇరుగుపొరుగులు సుఖంగా బతుకుతారు. నమ్మరా? అయితే మా అపార్ట్‌మెంట్ డాక్టరు సంగతి వినండి. విన్నాక మీరే ఒప్పుకుంటారు.

డాక్టరంటే గుండె డాక్టరు కాదు, పళ్ళ డాక్టరు. ఆయన కంటికి లోకంలో ఉన్నవి రెండే రెండు: గార పట్టినవి, గార తీసినవి. నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన పేషెంటుకి కూడా ముందు గార తీసి, ఆ తర్వాతే పన్ను పీకేవాడు. “ఎలాగూ పీకేసేదే కదండీ, దానికి సింగారం ఎందుకు?” అని ఒకాయన తెరిచిన నోరు మూయకుండానే అడిగితే, “ఇన్నేళ్ళు మీకు నమిలిపెట్టింది. మాసిన మొహంతో సాగనంపుతామా?” అన్నాడట. అంతటి మనిషి!

ఆయనకి సంగీతమంటే ఇష్టమూ లేదు, కష్టమూ లేదు. క్లినిక్‌లో మిషను గిర్రున తిరిగే చప్పుడే ఆయన సంగీతం. అలాంటివాడి చేతిలోకి రికార్డులెలా వచ్చాయి? ఒక ముసలాయన ఇచ్చాడు. డాక్టరు కట్టిన పళ్ళసెట్టు ఆయనకి ఎంత బాగా కుదిరిందంటే, జావ తాగి బతుకుతున్నవాడు కాస్తా జామకాయ కొరికాడు. ఆ సంబరంలో, చిన్న ఇంటికి మారిపోతూ, తన రికార్డు ప్లేయరూ రెండు పెట్టెల రికార్డులూ మోయించుకొచ్చి క్లినిక్‌లో దింపాడు.

“మీరు నాకు నమలడం ఇచ్చారు. నేను మీకు వినడం ఇస్తున్నాను. రోజూ వినండి,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

డాక్టరు ఇంటికి తెచ్చి, ఒక రికార్డు బయటికి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాడు. సన్నసన్నని గీతలు. గీతల సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము. ఎవరివో వేళ్ళ జిడ్డు. అంచున ఎండిపోయిన కాఫీ చుక్క.

ఆయన కళ్ళు మెరిశాయి. “గార!” అన్నాడు.

అంతే! ఆ ఇంటి దశ తిరిగింది.

మొట్టమొదట నిశ్శబ్దం వచ్చింది. ఆశ్చర్యంగా ఉందా? పాటల పెట్టె ఇంటికొస్తే మోత మొదలవ్వాలి కదా అంటారు. అది మామూలు ఇళ్ళలో! ఇక్కడ పద్ధతి వేరు. రికార్డు పెట్టాలంటే ముందు బ్రష్‌తో పొడిదుమ్ము తీయాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, నడిమి కాగితం లేబుల్ మాత్రం తడవకూడదు. మెత్తటి గుడ్డతో గీతల వెంబడే గుండ్రంగా తుడవాలి. అడ్డంగా తుడిచారో, మహాపాపం! నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఆరాక భూతద్దంతో చూడాలి. చూస్తే ఏముంటుంది? ఆరుతున్నప్పుడు వాలిన దుమ్ము ఉంటుంది! మళ్ళీ మొదటికి.

ఒకవేళ రికార్డు పాసైందే అనుకోండి, ముల్లు ఫెయిలయ్యేది. ముల్లు శుభ్రమయ్యేసరికి బెల్టు మాసేది. బెల్టు తుడిచేసరికి కింద బల్ల ఒక పక్కకి ఒరిగినట్టు అనుమానం వచ్చేది. ఇన్ని గండాలు దాటి పాట గుమ్మంలోకి వచ్చేసరికి క్లినిక్‌కి టైమైపోయేది. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాయి గానీ, ఆ ఇంట్లో ఒక్క పాట మోగితే ఒట్టు!

ఇక ఆరోగ్యం సంగతి. ఫ్యాను వేస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి ఫ్యాను బంద్. కిటికీలు బంద్. హాల్లో కూర్చున్నవాళ్ళకి చెమటలు ధారకట్టి ఒళ్ళు తేలికపడేది. ఆవిరిస్నానాల కోసం జనం ఎక్కడెక్కడికో పోతారే, వీళ్ళకి సోఫాలోనే!

ఆయన భార్య స్కూల్లో పి.టి. టీచరు. మైదానం ఈ చివర నిలబడి “లైన్లో నిలబడండి!” అని ఒక్క అరుపు అరిస్తే, ఆ చివర గేటు బయట ఐస్‌క్రీం బండివాడు కూడా లైన్లో నిలబడేవాడు. అదీ ఆవిడ గొంతు. నడక కూడా గొంతుకి తగ్గదే. ఆవిడ ధనధనా నడిస్తే పెట్టెల్లో రికార్డులు అదురుతున్నాయని డాక్టరు బతిమాలుకున్నాడు. ఆ తర్వాత చూడండి! వంటింట్లోంచి హాల్లోకి మునివేళ్ళ మీద వచ్చేది, పాలగిన్నె దగ్గరికొచ్చిన పిల్లిలా. పెళ్ళాన్ని నెమ్మదిగా నడిపించడం ఎన్ని తరాల మొగుళ్ళ వల్ల అయింది చెప్పండి?

పదో తరగతి చదివే కూతురు ఇంకా పైకొచ్చింది. “వేలిముద్ర పడకూడదు, అంచులే పట్టుకోవాలి” అని నాన్న నూరిపోసిన పాఠం బాగా ఒంటబట్టించుకుంది. ప్లేటుకి అంచులే పట్టుకునేది. పుస్తకానికీ అంచులే పట్టుకునేది, లోపలికి మాత్రం వెళ్ళేది కాదు. ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చిన రోజున దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, గాల్లో ఒక్క తిప్పు తిప్పి, “చూశావుగా నాన్నా, కవర్లో పెట్టేస్తున్నా, దుమ్ము పడుతుంది,” అంది. డాక్టరు “శభాష్!” అన్నాడు. మార్కులకి కాదు, పట్టుకున్న తీరుకి.

చుట్టాల బెడద కూడా విరగడైంది. గుమ్మంలోనే చేతులు కడిగించి, భుజాలు దులిపించి, “ఊపిరి కొంచెం అటు తిరిగి వదలండి” అనే ఇంటికి రెండోసారి ఎవరొస్తారు? క్లినిక్‌లో కూడా పని ఊపందుకుంది. “సైడ్ ఎ బాగుందండీ, అటు తిరగండి, సైడ్ బి చూద్దాం,” అంటే పేషెంట్లు నోరెత్తకుండా, అంటే తెరిచిన నోరుతోనే, తిరిగేవాళ్ళు.

ఇంత చల్లని సంసారంలోకి అత్తగారు దిగింది.

అత్తగారంటే డాక్టరుకి ప్రాణం. ఎందుకంటే డెబ్బై దాటినా ఆవిడ నోట్లో ఉన్నవన్నీ సొంత పళ్ళే. ఆవిడ నవ్వుతుంటే, శిల్పం ముందు నిలబడ్డవాడిలా నిలబడి చూసేవాడు. ఆవిడ వచ్చింది చెవులు చూపించుకోవడానికి. చూపించుకున్నాక తిరిగొచ్చి, చెప్పులు విడుస్తూ ఫలితం ప్రకటించింది.

“ఎడం చెవి రాజీనామా ఇచ్చేసిందట అల్లుడుగారూ. కుడిది నోటీసు పీరియడ్‌లో ఉందట.”

ఆ సాయంత్రమే తన సంచీలోంచి పాత దిండుగలీబులో చుట్టిన వస్తువొకటి తీసి డాక్టరు చేతిలో పెట్టింది. బరువుగా, నల్లగా, పెంకులా, ఒక వైపే పాటున్న పాతకాలపు రికార్డు. ఒక్క వేటుకి భళ్ళున పగిలే రకం.

“ఇందులో నేనున్నాను,” అంది.

డాక్టరు నిర్ఘాంతపోయాడు. భార్యకి తెలుసు, కూతురికి తెలియదు. అత్తగారు చెప్పింది. చిన్నతనంలో వాళ్ళ ఊళ్ళో ఒక పళ్ళపొడి కంపెనీ ఉండేదట. దాని ప్రకటన కోసం ఒక పిల్ల గొంతు కావలసొచ్చి, స్కూల్లో పాడే ఈవిణ్ణి తీసుకెళ్ళారట. మైకు అందకపోతే పళ్ళపొడి డబ్బాల పెట్టె తిరగేసి దాని మీద నిలబెట్టారట. ఆ పాటని వ్యాను మీద లౌడ్‌స్పీకరు పెట్టి సంతల్లో తిప్పారట. కంపెనీ పోయింది, వ్యాను పోయింది, పెళ్ళయ్యాక ఇంట్లో ఉన్న గ్రామఫోనూ పోయింది. రికార్డు ఒక్కటీ మిగిలింది.

“ఎన్నేళ్ళయిందో నా గొంతు నేను విని. మీ ఇంట్లో మిషను ఉందని అమ్మాయి చెప్పగానే తెచ్చుకున్నాను. ఈ కుడి చెవి కూడా వెళ్ళిపోయేలోగా ఒక్కసారి వినిపించండి బాబూ.”

“తప్పకుండా అత్తయ్యగారూ!” అన్నాడు డాక్టరు. “శుభ్రం చేసి పెడతాను.”

కూతురు గోడ వైపు తిరిగి నోరు మూసుకుని నవ్వింది. పి.టి. టీచరు కళ్ళు మూసుకుంది.

రోజూ టీ తాగేటప్పుడు అత్తగారు అడిగేది, “అయిందా అల్లుడుగారూ?” అని. డాక్టరు రోజూ, “ఇంకొంచెం. గార గట్టిగా ఉంది,” అనేవాడు. “అలాగే బాబూ, నిదానంగానే కానివ్వండి,” అనేది ఆవిడ. ఎంత సంస్కారవంతమైన సంభాషణ! ఇదే వేరే ఇల్లయితే మొదటి రోజే రికార్డు పెట్టేసి, వినేసి, మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేక టీవీ ముందు కూలబడేవాళ్ళు కాదూ?

డాక్టరు తప్పు కూడా కాదు లెండి. ఆయన నిజంగానే ఆవిడకి తన గొంతు అద్దంలా వినిపించాలనుకున్నాడు. ఆ రికార్డు కోసం వేరే ముల్లు తెప్పించాడు. నీళ్ళతో కడిగాడు. ఆరాక చూస్తే గీతల్లో ఇంకా బూడిదరంగు పొర. మళ్ళీ కడిగాడు. పొర అక్కడే ఉంది. ఒక పక్క అత్తగారు మొన్నటిదాకా రెండో పిలుపుకి పలికేది, ఇప్పుడు మూడోసారి పిలిస్తే గానీ పలకడం లేదు. చెవి సామాను సర్దుకుంటోంది! ఇంక మెతక పనులతో లాభం లేదనుకున్నాడు. పంటికి అయితే ఏం చేస్తాడు? గట్టి మందు వాడతాడు. ఆదివారం పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళి స్పిరిట్ సీసా తెచ్చాడు.

దూదిలో ముంచి ఒక చుట్టు తుడిచాడు. దూది నల్లగా వచ్చింది.

“అమ్మో!” అన్నాడు ఆనందంగా. ఇంకో చుట్టు. ఇంకా నల్లగా! ఇంత మురికి తన సర్వీసులో చూడలేదు. పొగాకు నమిలేవాళ్ళ నోళ్ళు కూడా దీని ముందు బలాదూర్. దూది ఉండలు పక్కన గుట్టగా పెరుగుతున్న కొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. వంటింట్లోకి పరుగెత్తి భార్యకి చూపించాడు.

“చూశావా? మీ అమ్మ ఇన్నేళ్ళూ ఈ మురికిలోంచి పాడింది!”

తిరిగొచ్చి లేబుల్ దాకా ఇంకో రెండు వేళ్ళ మేర మిగిలి ఉండగా, రికార్డు మీద చెయ్యి ఆనించాడు. చెయ్యి అంటుకుంది. భూతద్దం తెచ్చి చూశాడు. గీతలు లేవు. అరిగిపోయిన దంతంలా నున్నగా ఉంది.

ఫోన్లో వెతికాడు. మొదటి వాక్యమే కనబడింది. పాతకాలపు రికార్డులు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకని వీటికి స్పిరిట్ తగలనివ్వకూడదు.

లక్క ఇంట్లోంచి సొరంగం తవ్వుకుని బయటపడ్డవాళ్ళున్నారు గానీ, పాటకి సొరంగమెక్కడిది? డాక్టరు ఆ దూది గుట్ట వైపు చూశాడు. అది మురికి కాదు. అత్తగారి చిన్నతనం.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆయన అలాగే నోట మాట లేకుండా కూర్చుండిపోయాడు.

ఇక్కడ గమనించండి, శుభ్రం చేసే అలవాటు ఎంత గొప్పదో! ఇంకెవరైనా అయితే ఆ రోజే పట్టుబడిపోయేవాళ్ళు. డాక్టరు రికార్డుని దిండుగలీబులో చుట్టి బీరువాలో పెట్టి, “ఆరుతోంది,” అన్నాడు. ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ ఇంట్లో రికార్డులు ఆరకుండా ఇంకేం చేస్తాయి? మర్నాడూ ఆరుతోందన్నాడు. ఆ మర్నాడూ ఆరుతోందన్నాడు. సముద్రమైనా ఈపాటికి ఆరిపోయేది గానీ ఎవరూ కిమ్మనలేదు.

ఆయన మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. పాత సామాన్ల షాపులన్నిటికీ ఫోన్లు చేశాడు. “పళ్ళపొడి పాటా?” అని అందరూ నవ్వి పెట్టేశారు. క్లినిక్‌లో ఒకావిడ, “డాక్టరుగారూ, నొప్పి పెట్టేది ఈ పక్క పన్ను కాదు, ఆ పక్కది!” అని చెయ్యి పట్టుకుని ఆపితే, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

చివరికి దూది ఉండలే ఆయన్ని పట్టిచ్చాయి. చెత్తబుట్ట ఖాళీ చేయబోయిన కూతురు ఒకటి వేళ్ళతో, ఈసారి అంచు కాదు, నేరుగా పట్టుకుని తెచ్చింది.

“నాన్నా, మురికి ఇలా మెరుస్తుందా?”

ఆయన బీరువా తెరిచి, గలీబు విప్పి రికార్డు చూపించాడు.

“అమ్మమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్తే బాగుండదు,” అంది ఆ పిల్ల. నవ్వలేదు.

సాయంత్రం అత్తగారు బాల్కనీలో టీ తాగుతోంది. డాక్టరు స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించి, తల వంచుకుని, మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. నీళ్ళతో పోకపోవడం, స్పిరిట్, దూది, లక్క, అన్నీ. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తల ఊపుతూ అంతా విని, ఆయన భుజం తట్టింది.

“అలాగే బాబూ. నిదానంగానే కానివ్వండి.”

డాక్టరు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇంత గొప్ప మనసు ఎక్కడైనా ఉంటుందా? గుండెల మీంచి బండ దింపుకున్నవాడిలా లోపలికొచ్చి భార్యకి చెప్పాడు. పి.టి. టీచరుకి రికార్డు కరిగిపోయిందన్న సంగతి అప్పుడే తెలిసింది. ఒక్క నిమిషం ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు. తర్వాత అడిగింది.

“ఏ పక్క కూర్చున్నారు?”

“ఎడం పక్క.”

“ఎడం పక్కా? అది గోడ కదండీ! గోడకి చెప్పుకొచ్చారా?”

మరి తల ఎందుకు ఊపింది? భుజం ఎందుకు తట్టింది? ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. అల్లుడు పక్కన కూర్చుని రికార్డు గురించి చెప్పేది రోజూ ఒకటేగా! దానికి జవాబివ్వడానికి చెవులెందుకు?

“వెళ్ళండి,” అంది పి.టి. టీచరు. ఆవిడ గొంతు మళ్ళీ మైదానంలో గొంతైపోయింది. “కుడి పక్క కూర్చుని, గట్టిగా చెప్పండి.”

వెళ్ళాడు. కుడి పక్క కూర్చున్నాడు. మామూలు గొంతుతో చెప్పాడు. “ఆఁ?” అంది అత్తగారు. ఇంకొంచెం పెంచాడు. “ఏం కడిగారూ?” అంది. డాక్టరు లేచి నిలబడి, బాల్కనీ కమ్మీ పట్టుకుని, జన్మలో అరవనంత గట్టిగా అరిచాడు.

“అత్తయ్యగారూ! మీ పాట నేనే కరిగించేశాను!”

కింద స్కూటర్ తుడుచుకుంటున్న వాచ్‌మన్ తలెత్తి చూశాడు. ఎదురు బిల్డింగులో బట్టలు తీస్తున్నావిడ క్లిప్పు నోట్లో పెట్టుకునే ఆగిపోయింది. అపార్ట్‌మెంట్ మొత్తానికి తెలిసిపోయింది. అత్తగారికి కూడా తెలిసింది.

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. రోడ్డు వైపు తిరిగింది. తిట్టలేదు, ఏడవలేదు. డాక్టరుకి అదే భరించడం కష్టమైపోయింది. తర్వాత లేచి, కొంగు సర్దుకుని, “పెట్టండి, చూద్దాం,” అంది.

“ఏం లేదండీ అందులో.”

“లేకపోతే లేకపోయింది. లేనిదేదో నా చెవితో నేను వింటాను.”

అందరూ హాల్లో చేరారు. ఆ ప్లేయరు ఆ ఇంటికొచ్చాక మొదటిసారి తిరిగింది. డాక్టరు వెనక్కి జరిగితే కూతురే ముల్లు దించింది. అత్తగారు కుడి చెవి స్పీకరుకి ఆనించి వంగింది. స్‌స్‌స్ అని ఒకటే చప్పుడు. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నట్టు. ముల్లు నున్నటి నేల మీద జారుతూ జారుతూ లోపలికి పోయింది. లేబుల్ దగ్గర, స్పిరిట్ తగలని ఆ రెండు వేళ్ళ మేరకి వచ్చేసరికి ఒక్కసారిగా గరగరమని ఒక మగ గొంతు లేచింది.

“...అన్ని దుకాణములలో దొరుకును!”

అంతే. అయిపోయింది.

“అది నేను కాదు. మేనేజరుగారు,” అంది అత్తగారు మెల్లగా. “పాటంతా నాది. ఆ ఒక్క ముక్కా ఆయనది. ఆయన మిగిలాడన్నమాట.”

రికార్డుని చేతిలోకి తీసుకుని, అద్దంలో చూసుకున్నట్టు చూసింది. డాక్టరు నేల చూపులు చూస్తున్నాడు.

“మురికంతా పోయింది అల్లుడుగారూ,” అంది. “పాట కూడా ఆ మురికిలోనే ఉన్నట్టుంది.”

కూతురు వెళ్ళి ఆవిడ కుడి పక్కన కూర్చుంది. “అమ్మమ్మా, అసలా పాట ఎలా ఉండేది?” అని గట్టిగా అడిగింది.

అత్తగారు ముందు వద్దంది. గొంతు లేదంది. తర్వాత గొంతు సవరించుకుంది. జీరబోయిన గొంతుతో, పెట్టె మీద నిలబడ్డ పిల్లలా చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని పాడింది.

“తెల్లవారగనె లేవండీ, తెల్లని పొడితో తోమండీ, పన్నును పన్నూ పలకరించగా, పకపక పకపక నవ్వండీ!”

అక్కడ ఆగిపోయింది. రెండో చరణం గుర్తు రాలేదు. పెదవులు కదిపింది, తల విదిలించింది. రాలేదు. ఆవిడ కళ్ళలోకి భయంలాంటిది రాబోతుండగా వంటింటి గుమ్మంలోంచి పి.టి. టీచరు గొంతు అందుకుంది.

“పుచ్చుపన్నులే పారిపోవునూ, పులుపూ తీపీ తినవచ్చూ, ముసలితాతకూ పళ్ళుంటేనే, ముద్దుగ ఈలలు వేయొచ్చూ!”

“నీకెలా తెలుసే?” అంది అత్తగారు.

“బాగుందమ్మా! నాకు పళ్ళు తోమించినన్నాళ్ళూ ఇదేగా పాడావు! నేను రోజూ పాడుకుంటూనే ఉంటాను, వాష్‌బేసిన్ దగ్గర.”

డాక్టరు తలెత్తి భార్య వైపు చూశాడు. నిజమే. పెళ్ళయిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్న నోట్లో నురగతో ఆవిడ ఏదో కూనిరాగం తీయడం ఆయన చూస్తూనే ఉన్నాడు. రోజూ చూసి, రోజూ ఒకటే మాట అనేవాడు: “నోట్లో నురగతో పాడకు, అద్దం మీద చుక్కలు పడుతున్నాయి.” అన్నాక అద్దం తుడిచేవాడు.

“మళ్ళీ పాడు,” అన్నాడు. ఆ మాట ఆవిడతో అనడం అదే మొదటిసారి.

ఆ పాట అయ్యాక అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుని, మూలనున్న పెట్టెల వైపు వేలు చూపించింది. “వాటిల్లో ఏమున్నాయి?”

“పాటలండీ.”

“ఎలాంటివి?”

డాక్టరు నీళ్ళు నమిలాడు. ఒక్కో రికార్డు మీద ఎన్ని గీతలున్నాయో, ఎక్కడ మరకుందో ఆయనకి కంఠస్థం. లోపల ఎవరు పాడారో మాత్రం తెలియదు.

“అయితే పెట్టండి. ఈ చెవి ఉన్నన్నాళ్ళూ అన్నీ వినేస్తాను.”

డాక్టరు చెయ్యి అలవాటుగా బ్రష్ మీదికి పోయింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది.

“ఒక్కసారి దులిపి పెడతానండీ,” అని బతిమాలాడు.

“పాటయ్యాక దులుపుకోండి,” అంది.

అయ్యా, అమ్మా! అదిగో, అక్కడితో ఆ ఇల్లు పాడైపోయింది! నిశ్శబ్దం పోయింది. ఫ్యాను తిరుగుతోంది, కిటికీలు బార్లా తెరిచారు. పి.టి. టీచరు మళ్ళీ ధనధనా నడుస్తోంది. రికార్డులు మరకలతో, కరకరలతో, చిటపటలతో పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోగుతున్నాయి. కుడి చెవి కోసం వాల్యూము చివరిదాకా తిప్పుతారు. వాళ్ళ కింద ఇంట్లో ఉండే మనిషి గతేం కాను?

ఆ మనిషిని నేనే. అందుకే చెబుతున్నాను, శుభ్రం చేసే రోజులే బంగారు రోజులని! అప్పట్లో నేను మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ణి. ఇప్పుడు పైన ఒక రికార్డు గీత పడి, సరిగ్గా “రావా” దగ్గర ఇరుక్కుంటుంది. “రావా... రావా... రావా...” ఎవరైనా లేచి ఆ ముల్లు ముందుకి జరపాలా వద్దా? జరపరు! అందరూ దానికి తగ్గట్టు అడుగులేస్తారు. మా సీలింగ్ ఫ్యాను ఊగుతుంది. మా ఆవిడ, “పైవాళ్ళింట్లో కొంచెం పంచదార అడిగి వస్తా,” అని గిన్నె పట్టుకుని వెళ్ళి, చీకటి పడ్డాక ఖాళీ గిన్నెతో దిగుతుంది.

నిన్న ఇంక ఓర్చుకోలేక పైకి వెళ్ళాను. తగువులాడటానికే. కానీ పెద్దమనిషిని కదా, చేతిలో ఒక కానుక కూడా పట్టుకెళ్ళాను: ఖరీదైన బ్రష్, మెత్తటి గుడ్డ, డిస్టిల్డ్ వాటర్ సీసా. డాక్టరు వాటిని చూడగానే మారుతాడని నా ఆశ. తలుపు తీసింది అత్తగారు.

“మంచిపని చేశారు బాబూ! కళ్ళజోడు తుడుచుకోవడానికి గుడ్డ లేక చస్తున్నాను,” అని అందుకుని, నన్ను కుర్చీలో కూలేసింది.

మా ఆవిడ అక్కడే సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేనెవరో తెలియనట్టు చూసింది. డాక్టరు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, మరక మీద మరకున్న రికార్డుని చూస్తూ, తుడవకుండా, వింటున్నాడు. ఆ మొహం పన్ను పీకించుకుంటున్నవాడిలా మొదలై, చరణం తర్వాత చరణం, మెల్లగా మామూలు మొహమైంది. ఏం పాటో నాకు తెలియదు. నేను తగువు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటుండగానే అయిపోయింది.

“రెండో వైపు ఇంకా బాగుంటుంది, ఉండండి,” అని అత్తగారు రికార్డు తిరగేసింది.

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. ఎడిటర్! పేజీ ఆగిపోయిందట, వ్యాసం వెంటనే కావాలట. పాఠకులు ఎదురుచూస్తున్నారట. పాఠకులంటే ఎవరు? మీరే!

అందుకని కిందికి దిగి, తలుపులు బిగించుకుని, ఇదంతా మీకోసం రాశాను. రాత్రి పంపిందాంట్లో సగం కొట్టేసి మళ్ళీ రాయమన్నారు కాబట్టి ఇవాళ కూడా రాస్తున్నాను. పైన నిన్నటి పాట అయిపోయి, నేను వినకుండా దిగొచ్చిన ఆ రెండో వైపు ఇప్పుడే మొదలైంది. మధ్యలో స్లాబు అడ్డం, రాగం దిగుతోంది గానీ మాట దిగడం లేదు. మా ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందో మీకేం తెలుసు!

కాబట్టి నా మాట వినండి. మీలో ఎవరైనా ఈ దారిన పోతుంటే పైకెళ్ళి, ముల్లు తీసి, ఆ రికార్డుని కాసేపు కడుగుతూ ఉండమని చెప్పండి. రెండు నిమిషాలు చాలు. నేను వచ్చేస్తున్నాను.